షుల్‌హోఫ్ వెంట ఆరు రోజులు

సోమవారం

న్యూరెంబర్గ్ నుంచి ప్రాగ్‌కి బస్సులో నాలుగు గంటలు. ఆ నాలుగు గంటల్లో మా బావ ఒక్క నిమిషం కుదురుగా కూర్చోలేదు. కాకినాడ దగ్గర బ్యాండు మేళంలో ముప్ఫై ఏళ్లుగా సాక్సాఫోన్ వాయిస్తున్న మనిషి. పాస్‌పోర్టులో పడ్డ మొదటి ముద్ర ఇదే. చెల్లెల్ని చూడటానికి నెల రోజుల వీసా మీద జర్మనీ వచ్చాడు. ఆ చెల్లెలే మా ఆవిడ. వారం తిరక్కుండానే "మీరిద్దరూ ఇంట్లో ఉంటే నాకు పని తెమలట్లేదు, ఎక్కడికైనా వెళ్లి రండి" అనేసింది.

ఎక్కడికి అన్నదానికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ప్రాగ్‌లో ఒక చిన్న క్లబ్బులో ముగ్గురు కుర్రాళ్లు ఎర్విన్ షుల్‌హోఫ్ సంగీతాన్ని జాజ్‌గా మార్చి వాయిస్తున్నారని తెలిసి, అప్పటికే బుధవారం రాత్రికి రెండు టికెట్లు తీసి పెట్టుకున్నాను.

"ఎవరాయన?" అన్నాడు బావ, పులిహోర డబ్బా మూత తీస్తూ.

చెప్పాను. 1894లో ప్రాగ్‌లో, జర్మన్ మాట్లాడే యూదుల ఇంట్లో పుట్టాడు. ఏడేళ్ల వయసులో వాళ్లమ్మ చెక్ సంగీతకర్త ద్వోర్జాక్ దగ్గరికి తీసుకెళ్తే, ఆ పెద్దాయన పిల్లాడి చెవిని పరీక్షించి, మెచ్చుకుని చాక్లెట్ ఇచ్చాడంటారు. తర్వాత లైప్‌జిగ్, కొలోన్‌లలో చదువు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా సైన్యంలో నాలుగేళ్లు. తిరిగొచ్చేసరికి రాజులన్నా, దేశభక్తి పాటలన్నా ఒళ్లు మండేంతగా మారిపోయాడు. డ్రెస్డెన్ చేరి, పాత కళనీ, పద్ధతుల్నీ వెక్కిరించే దాదా కళాకారులతో కలిశాడు. చిత్రకారుడు జార్జ్ గ్రోస్ దగ్గరున్న అమెరికన్ రికార్డులు విన్నాడు. అంతే, జాజ్ పిచ్చి పట్టుకుంది. 1921లో సంగీతకర్త ఆల్బన్ బెర్గ్‌కి రాసిన ఉత్తరంలో, రాత్రుళ్లు వరసపెట్టి క్లబ్బుల్లో డాన్స్ చేస్తుంటాననీ, ఆ లయ మత్తులోంచే తన సంగీతం వస్తుందనీ చెప్పుకున్నాడు.

"అమెరికా వెళ్లొచ్చాడా?"

"లేదు. అంతా రికార్డులే, డాన్సు హాళ్లే."

"మనమూ అంతేగా," అన్నాడు బావ. "ఇళయరాజా పాట వాయించడానికి మద్రాసు వెళ్లొచ్చామా?"

పిల్సెన్ ఊరు దాటకముందే కార్లోవీ వారీ వైపు దారి చూపే బోర్డు ఒకటి కనిపించింది. పాత పేరు కార్ల్స్‌బాద్. అది చూడగానే బావకి ఇంకో కథ చెప్పక తప్పలేదు. వాల్టర్ కాఫ్‌మన్ అనే యూదు సంగీతకారుడు 1907లో పుట్టింది ఆ ఊళ్లోనే. హిట్లర్ వచ్చాక ప్రాణం దక్కించుకుని 1934లో బొంబాయి చేరాడు. ఆలిండియా రేడియోలో పనిచేశాడు. పొద్దున్నే స్టేషన్ తెరిచేటప్పుడు వచ్చే ఆ వయొలిన్ ట్యూన్ ఆయన కట్టిందేనని చెప్తారు. బావ తినడం ఆపి ఆ ట్యూన్ మొత్తం కూనిరాగం తీశాడు. ముందు సీట్లో ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. "మా నాన్న ఆ ట్యూన్ రాకముందే లేచి కూర్చునేవాడు," అన్నాడు, ఆవిడకి తెలుగు వచ్చన్నట్టు.

ఆ రోజు ఇంకేం చూడలేదు. హోటల్, వాన, నిద్ర.

మంగళవారం

పొద్దున మొదటి పని సంగీత వాయిద్యాల దుకాణం. చూడటానికి మాత్రమే అని వెళ్లి, ఆల్టో సాక్సాఫోన్ మూతికి బిగించే పలచని రెల్లు ముక్కలు, పది రీడ్ల పెట్టె కొన్నాడు బావ. ఒక్కో రీడ్‌నీ వెలుతురుకి ఎదురుగా పెట్టి, పీచు సమంగా ఉందో లేదో చూశాడు. కౌంటర్ దగ్గరున్న ముసలాయనకి మా భాష రాదు, బావకి ఆయన భాష రాదు. పది నిమిషాలు ఇద్దరూ తలలూపుకున్నారు. సాక్సు మాత్రం కాకినాడలోనే ఉండిపోయింది. విమానంలో దానికి అడిగిన డబ్బు వింటే దానికో సీటే కొనొచ్చనిపించిందట.

తర్వాత కాప్రోవా వీధిలో యారోస్లావ్ యెజెక్ ఉన్న గది. నేషనల్ మ్యూజియం వాళ్లది. రోజూ తెరవరు, చూసుకుని వెళ్లాలి. యెజెక్ చెక్ జాజ్‌కి పెద్ద పేరు. దాదాపు చూపు లేదు. అందుకే గదంతా నీలం రంగు. గోడలు, దీపం వెలుతురు, అన్నీ ఆ చూపుకి ఒదిగేలా. మధ్యలో పియానో. ఇద్దరం నిలబడితేనే గది నిండిపోయింది. షుల్‌హోఫ్ యూదుడు, యెజెక్ కాదు. ఇద్దరూ 1942లోనే పోయారు, యెజెక్ న్యూయార్క్‌లో, షుల్‌హోఫ్ బవేరియాలో ఒక కోటలో. యెజెక్‌ని చెక్ దేశంలో చిన్నపిల్లలు కూడా ఎరుగుదురు. ఈయనకి ఆ అదృష్టం లేదు.

వొదిచ్కోవా వీధిలో యెజెక్ ఆర్కెస్ట్రా వాయించిన థియేటర్ చూశాం. ఊ నోవాకూ అనే భవనం, ముందు భాగమంతా రంగురంగుల మొజాయిక్. 1930ల్లో చేతిలో డబ్బాడని రోజుల్లో షుల్‌హోఫ్ కొంతకాలం ఆ ఆర్కెస్ట్రాలో పియానో వాయించాడు. సింఫనీలు రాసిన మనిషి, నాటకాలకి రాత్రి కూలీ. బావకి ఈ విషయం బాగా నచ్చింది. అక్కడ ఫొటో దిగుదామన్నది ఆయనే.

సాయంత్రం పింకస్ సినగాగ్, యూదుల ప్రార్థనా మందిరం. లోపలి గోడల మీద నాజీల చేతిలో చనిపోయిన దాదాపు 78,000 మంది బొహీమియా, మొరావియా యూదుల పేర్లు చేత్తో రాసి ఉన్నాయి. ఇంటిపేర్లు ఎర్రగా, మిగతావి నల్లగా. దాని గురించి ఎక్కువ రాయలేను. బావ బయటికొచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. రాత్రి శాకాహారమంటే వేయించిన చీజ్ పలక ఒకటి తెచ్చిపెట్టారు, తిన్నాడు.

బుధవారం

మాలా స్త్రానాలో చెక్ సంగీత మ్యూజియం. ఒకప్పటి చర్చిలో పెట్టారు. మా ఇద్దరికీ అక్కడ పనికొచ్చింది ఒకే ఒక్క వస్తువు. చెక్ సంగీతకర్త అలోయిస్ హాబా కోసం 1920ల్లో చేసిన పావు స్వరాల పియానో. మామూలు పియానోలో 'స'కీ 'రి'కీ మధ్య ఒక నల్ల మెట్టు ఉంటుంది. ఇందులో వాటి మధ్య ఇంకా స్వరాలున్నాయి, వాటికోసం మెట్ల వరసలు ఒకదాని మీద ఒకటి పేర్చారు. షుల్‌హోఫ్ దీని సంగీతాన్నీ కచేరీల్లో వాయించాడు. బావ దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"మధ్యలో స్వరం పలకడానికి ఇంత పెట్టె కావాలా బావా? పెదవి కాస్త వదులు చేస్తే సాక్సులో పలుకుతుంది."

ఆ మాట ఆ రాత్రి నాకు మళ్లీ గుర్తొచ్చింది.

క్లబ్బు ఒక నేలమాళిగ. పై వీధిలో ట్రామ్ వెళ్తే గ్లాసులు చిన్నగా మోగుతాయి. నలభై కుర్చీలుంటాయేమో. ఆల్టో సాక్సు, డబుల్ బాస్, డ్రమ్స్. పియానో లేదు. షుల్‌హోఫ్ స్వయంగా పియానిస్ట్. ఈ సంగీతంలో సగం పియానో కోసం రాసిందే. దాన్నే తీసేశారు. ముందు నాకు కోపం వచ్చింది.

మొదలుపెట్టింది హాట్ సొనాటాతో. ఆల్టో సాక్సుకీ పియానోకీ కలిపి 1930లో బెర్లిన్ రేడియో కోసం రాశాడు. నాలుగు భాగాలు. భాగాలకి పేర్లు లేవు, వేగం అంకెలే: 66, 112, 80, 132. ఒక చిక్కుంది ఇందులో. అప్పట్లో 'హాట్' అంటే కాగితం చూడకుండా అప్పటికప్పుడు కల్పించి వాయించే జాజ్. షుల్‌హోఫ్ మాత్రం ప్రతి స్వరం, ప్రతి జారుడు, ప్రతి విరుపు కాగితం మీద పెట్టేశాడు. వాయించేవాడు సొంతంగా ఒక్క సంగతి వేయడానికి చోటు లేదు. మనవాళ్ల లెక్కలో చెప్పాలంటే, కల్పనాస్వరాలు కూడా ముందే రాసి ఇచ్చిన కీర్తన. కాబట్టి జాజ్ వాళ్లు దీన్ని తిరిగి వాయించడమంటే, పేరులో ఉండి కాగితంలో లేనిదాన్ని తెచ్చి పెట్టడం.

మొదటి భాగంలో పియానో ఎడమచేతి పని బాస్ అతను తీసుకున్నాడు. ఒక ముక్కని పట్టుకుని తిప్పి తిప్పి వాయిస్తుంటే, దాని మీద సాక్సు కుర్రాడు అసలు పాట రెండుసార్లు ఉన్నదున్నట్టు వాయించి, మూడోసారి గట్టు దాటాడు. నా కోపం అక్కడ తగ్గింది. పియానో ఉంటే శ్రుతుల గోడ ఉంటుంది, దాన్ని దాటలేరు. అది లేదు కాబట్టే దారి దొరికింది.

మూడో భాగం గురించి చెప్పాలి. అది నిదానంగా సాగే బ్లూస్ లాంటిది, ఏడుపుకి దగ్గరగా ఉంటుంది. సాక్సు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి నేరుగా వెళ్లదు, జారుతుంది. బావ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఇది మనం అప్పగింతల్లో వాయించేదే." పెళ్లికూతుర్ని పంపేటప్పుడు మేళంవాళ్లు పాటని ఎక్కడ సాగదీస్తారో, ఏ స్వరం మీద జారితే ముత్తైదువలు కొంగులు మొహానికి అడ్డం పెట్టుకుంటారో ఆయనకి ముప్ఫై ఏళ్ల లెక్క. ఆ ముగ్గురూ ఈ భాగంలో ఏమీ కల్పించలేదు. రాసింది రాసినట్టు వాయించారు, అంతే. అదే సరైన పని.

నాలుగోది మాత్రం పాడుచేశారు. వేగం అందుకోగానే తలా ఒక సోలో, చివర్లో డ్రమ్స్ సోలో, చప్పట్లు. ఏ పాట కింద పెట్టినా సరిపోయే సోలోలు. షుల్‌హోఫ్ ఎక్కడా లేడు. బావ చప్పట్లు కొట్టాడు గానీ, "ఊరేగింపులో పెట్రోమాక్స్ లైటు ఆరిపోయేముందు ఇలాగే వాయిస్తాం," అన్నాడు.

విరామం తర్వాత 1926 నాటి ఐదు జాజ్ ఎటూడ్లలోంచి రెండు. చార్ల్‌స్టన్, బ్లూస్. బ్లూస్‌ని ఆయన అప్పట్లో అమెరికాలో జాజ్ రారాజుగా పేరుమోసిన పాల్ వైట్‌మన్‌కి అంకితమిచ్చాడు. వైట్‌మన్ తెల్లవాడు. ఐరోపాకి చేరిన జాజ్‌లో చాలా భాగం ఇలా నల్లవాళ్ల చేతులు దాటి, చొక్కా మార్చుకుని వచ్చిందే. షుల్‌హోఫ్‌ని ఎంత ఇష్టపడినా ఇది మర్చిపోకూడదు. ఆయన విన్నది నీళ్లు కలిపిన పాలు. అందులోంచి వెన్న తీశాడంటే అది ఆయన గొప్పతనం.

చివరికి ఐదు పిట్టొరెస్కులు, 1919 నాటివి, జార్జ్ గ్రోస్‌కి అంకితం. ఫాక్స్‌ట్రాట్, రాగ్‌టైమ్, ఇన్ ఫుటూరుమ్, వన్-స్టెప్, మషీష్. ఐదింటి మధ్యలో ఉన్న ఇన్ ఫుటూరుమ్ వింత. ఒక్క స్వరం లేదు. మొత్తం విరామ చిహ్నాలే. అమెరికన్ సంగీతకర్త జాన్ కేజ్ 1952లో చేసిన మౌనం ముక్కకి 33 ఏళ్ల ముందు. కాగితం చూస్తే నవ్వొస్తుంది. పై వరసలో కింది చేతి గుర్తు, కింది వరసలో పై చేతి గుర్తు. తాళం పైన 3/5, కింద 7/10. మధ్యమధ్య ఆశ్చర్యార్థకాలు, ప్రశ్నార్థకాలు, నవ్వు మొహాలు. మొదట్లో, పాటంతా భావంతో, మనసు పెట్టి, స్వేచ్ఛగా వాయించమని ఇటాలియన్‌లో సూచన.

ముగ్గురూ వాయిద్యాలు పట్టుకుని, కాగితం చూస్తూ, కదలకుండా ఉన్నారు. డ్రమ్స్ అతను పేజీ తిప్పాడు. పైన ట్రామ్ వెళ్లింది. సరిగ్గా అప్పుడే బల్ల మీదున్న నా ఫోన్ వణికింది. చెక్క బల్ల కాబట్టి బుర్రుమంటూ గది అంతటా వినిపించింది. మా ఆవిడ వీడియో కాల్. ఎవరో నవ్వారు. నేను ఫోన్ని ఒళ్లోకి లాక్కుని ఎటు చూడాలో తెలియక కూర్చున్నాను. మౌనం అయిపోగానే వన్-స్టెప్‌ని డ్రమ్స్ అతను నా ఫోన్ వణుకు లయతోనే ఎత్తుకున్నాడు. బావ పడీ పడీ నవ్వాడు. టికెట్ డబ్బు వసూలైందని ఇంటికొచ్చాక కూడా చెప్పాడు.

అయ్యాక సాక్సు కుర్రాడి దగ్గరికి వెళ్లాం. కొత్త రీడ్ ఒకటి నోట్లో పెట్టుకుని నానబెట్టుకుంటూ, పెదవి మూలనుంచి ఇంగ్లీషులో మాట్లాడాడు. మూడో భాగం కాగితం చూపించాడు. స్వరాల మధ్య పెన్సిల్ గీతల్లా జారుడు గుర్తులు. బావకి స్టాఫ్ నొటేషన్, అంటే గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి, రాదు, అంతా చెవి విద్యే. అయినా ఒక గీత మీద వేలు పెట్టి, అదెంత నిదానంగా జారాలో గొంతుతో చేసి చూపించాడు. కుర్రాడు నోట్లోంచి రీడ్ తీసి, "ఇంకోసారి" అన్నాడు.

గురువారం

ఓస్ట్రావా. రైల్లో మూడు గంటల పైమాటే. చెప్పుకోవడానికి ఎక్కువ లేదు. 1935 నుంచి మూడేళ్లు షుల్‌హోఫ్ ఇక్కడి రేడియోలో పియానిస్ట్‌గా ఉద్యోగం చేశాడు. బొగ్గు, ఇనుము ఊరు. 1932 నాటికే ఆయన కమ్యూనిస్టు మేనిఫెస్టోకి సంగీతం కట్టి ఉన్నాడు. ఆ తర్వాత జాజ్ దాదాపు మానేసి, కార్మికులకి అర్థమయ్యే సింఫనీలు రాయాలని కూర్చున్నాడు. ఆ సింఫనీలు నాకు బరువుగా, నినాదాల్లా అనిపిస్తాయి. జాజ్ వాళ్లు వాటి జోలికి వెళ్లకపోవడంలో ఆశ్చర్యం లేదు. రేడియో మైకు ముందు మాత్రం పొట్టకోసం మారుపేర్లతో డాన్సు సంగీతం వాయించాడు.

విత్కోవిత్సే ఇనుప కార్ఖానా చూశాం. 1998లో మూసేశారు. పెద్ద గ్యాసు ట్యాంకుని 2012లో కచేరీ హాలుగా మార్చారు. బావ తమ్ముడు విశాఖ ఉక్కులో పనిచేస్తాడు. కొలిమి గొట్టాల కింద నిలబడి తమ్ముడికి వీడియో కాల్ చేసి, "మీదీ మూసేశాక కచేరీలు పెట్టుకోవచ్చురా" అన్నాడు. అవతల తమ్ముడు నవ్వలేదు.

శుక్రవారం

రోజంతా ప్రయాణమే. సరిహద్దు దాటి జర్మనీలోకి రాగానే పోలీసులు బస్సు ఆపి పాస్‌పోర్టులు అడిగారు. బావ పాస్‌పోర్టు మాత్రం పట్టుకుని కిందికి దిగారు. ఏడు నిమిషాలు. వీసా సరిగ్గానే ఉంది, తేదీలు సరిగ్గానే ఉన్నాయి, అయినా బావ చొక్కా తడిసిపోయింది.

1939లో నాజీలు ప్రాగ్‌లోకి వచ్చాక షుల్‌హోఫ్‌కి దారులన్నీ మూసుకుపోయాయి. యూదుడు, కమ్యూనిస్టు, పైగా జాజ్. అంతకుముందు ఏడాదే డ్యూసెల్‌డార్ఫ్‌లో 'చెడిపోయిన సంగీతం' పేరుతో నాజీలు ప్రదర్శన పెట్టారు. దాని పోస్టర్ మీద బొమ్మ సాక్సాఫోన్ వాయిస్తున్న నల్లమనిషి, కోటు మీద యూదుల నక్షత్రం. షుల్‌హోఫ్ చివరికి సోవియట్ పౌరసత్వం తీసుకున్నాడు. 1941 జూన్‌లో వీసా చేతికొచ్చింది. జూన్ 22న హిట్లర్ సోవియట్ మీద దాడికి దిగాడు. మర్నాడు షుల్‌హోఫ్‌ని అరెస్టు చేశారు, శత్రుదేశ పౌరుడని. ప్రాణం కాపాడాల్సిన కాగితమే పట్టించింది. ఇదంతా బస్సులో బావకి చెప్పలేదు. ముందు పాస్‌పోర్టు వెనక్కి రానీ అనుకున్నాను.

శనివారం

ఇంటి నుంచి గంట లోపు. న్యూరెంబర్గ్‌లో ఏడేళ్లుగా ఉంటున్నాను. ఆయన చనిపోయిన చోటు లోకల్ రైలు దూరంలో ఉందని తెలిసీ, ముందు ప్రాగ్‌కే పరిగెత్తాను.

వైసెన్‌బుర్గ్ స్టేషన్‌లో దిగి, ఊరు దాటి, చెట్ల మధ్య ఎత్తు మీదికి నడక. ఊరికి దాదాపు 200 మీటర్ల పైన వుల్జ్‌బుర్గ్ కోట. 1588లో కట్టడం మొదలుపెట్టారు. ఐదు మూలలు, ఐదు బురుజులు, చుట్టూ నీళ్లు లేని కందకం. పైనుంచి చూస్తే నక్షత్రంలా ఉంటుంది. మొదటి యుద్ధంలో ఫ్రెంచి ఖైదీ, తర్వాత ఫ్రాన్స్ అధ్యక్షుడైన చార్ల్స్ డి గాల్‌ని ఇక్కడే ఉంచారు. రెండో యుద్ధంలో శత్రుదేశాల పౌరుల నిర్బంధ శిబిరం. షుల్‌హోఫ్ ఇక్కడ ఎనిమిదో సింఫనీ రాస్తూ ఉన్నాడు. క్షయ పట్టుకుంది. 1942 ఆగస్టు 18న పోయాడు. నలభై ఎనిమిదేళ్లు. తర్వాత నాలుగు దశాబ్దాలకి పైగా ఆయన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1980ల చివర్లో వయొలినిస్ట్ గిడాన్ క్రెమర్ లాంటివాళ్లు దుమ్ము దులిపి వాయించడం మొదలుపెట్టాకే పేరు మళ్లీ వినిపించింది.

కందకం అంచున గడ్డి మీద కూర్చున్నాం. ఒక కుటుంబం కుక్కతో వాకింగ్‌కి వచ్చింది. పిల్లాడు వంతెన మీద నుంచి కిందికి రాళ్లేస్తున్నాడు. అప్పుడు చెప్పాను బావకి, వీసా సంగతి, అరెస్టు సంగతి.

"గాలి వాద్యం కాదుగా ఆయనది," అన్నాడు కొంతసేపటికి.

"కాదు. పియానో."

"ఊపిరితిత్తులు," అని ఆగిపోయాడు.

జేబులోంచి ప్రాగ్‌లో కొన్న పెట్టె తీశాడు. ఒక రీడ్ బయటికి లాగి, వెలుతురుకి పెట్టి చూసి, నోట్లో పెట్టుకున్నాడు. వాయించడానికి చేతిలో సాక్సు లేదు. అది మెత్తబడే దాకా అలాగే ఉంచుకుని, కింద ఊళ్లో ఇళ్ల కప్పులు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత తీసి చొక్కా అంచుకి తుడిచి, పెట్టెలో మిగతా తొమ్మిదింటి పక్కన పెట్టాడు.

"బండెన్నింటికి బావా?"

"పావుతక్కువ ఐదుకి."

"అయితే నిదానంగా దిగుదాం," అంటూ లేచాడు.